గోర్డన్ కోవెంట్రీ గోల్స్ అన్నీ జట్టు చలవేనా?

ఆస్ట్రేలియన్ రూల్స్ ఫుట్‌బాల్‌లో మెల్‌బోర్న్ జట్టు కాలింగ్‌వుడ్ తరఫున 1920 నుంచి 1937 వరకు ఆడిన గోర్డన్ కోవెంట్రీ 1299 గోల్స్ కొట్టడానికి కారణం అతని ప్రతిభా, లేక అప్పట్లో ఎదురులేని ఆ జట్టా అని మీరు అడిగారు. బంతి అతని దాకా అన్నిసార్లు రావడం జట్టు చలవే. వచ్చిన బంతిని వదలకుండా చేతులతో పట్టుకుని గోల్‌కు తన్నే అవకాశం సంపాదించడం మాత్రం పూర్తిగా అతని విద్య అని నా అభిప్రాయం.

ఈ అభిప్రాయం నాకు పుస్తకాల వల్ల ఏర్పడింది కాదు. మెల్‌బోర్న్‌లో మా అబ్బాయి ఆడే పిల్లల లీగులో తల్లిదండ్రులే వంతులవారీగా గోల్ అంపైర్లుగా నిలబడతారు. రెండు జెండాలు పట్టుకుని స్తంభాల మధ్య నిలబడినప్పుడు ఫుల్ ఫార్వర్డ్ (గోల్ ముందు నిలిచి గోల్స్ కొట్టే ఆటగాడు, కోవెంట్రీ స్థానం అదే) పడే పాట్లు నాలుగడుగుల దూరంలో కనిపిస్తాయి. కిందటి జూలైలో ఒక వానపొద్దున, మా జట్టు కుర్రవాడు వెనకనుంచి డిఫెండర్ మోచేత్తో నెడుతున్నా కాళ్ళు బురదలో పాతుకుని బంతి కిందికి వచ్చేదాకా నిలిచాడు, కానీ తడిసిన బంతి వేళ్ళ మధ్యనుంచి జారి ఛాతీకి తగిలి పక్కకు పోయింది. వానకు తోలుబంతి నీరు పీల్చి బరువెక్కే కోవెంట్రీ కాలంలో, అలాంటి బంతిని పద్దెనిమిదేళ్ళపాటు పట్టిన చేతులు ఎంత గట్టివో నాకు ఆ రోజు అర్థమైంది.

జట్టు విషయంలో మీ అనుమానం నిరాధారం కాదు. జాక్ మెక్‌హేల్ శిక్షణలో, గోర్డన్ అన్న సిడ్ కోవెంట్రీ సారథ్యంలో కాలింగ్‌వుడ్ 1927 నుంచి 1930 వరకు విక్టోరియన్ ఫుట్‌బాల్ లీగులో వరుసగా నాలుగు టైటిళ్ళు గెలిచింది. 1929లో లీగు దశలోని 18 మ్యాచ్‌లూ గెలిచింది. అదే ఏడాది గోర్డన్ 124 గోల్స్ కొట్టి, లీగులో ఒక సీజన్‌లో వంద దాటిన మొదటి ఆటగాడయ్యాడు. 1930లో ఫిట్జ్‌రాయ్ మీద ఒకే మ్యాచ్‌లో 17 గోల్స్ కొట్టాడు. 1947లో ఫ్రెడ్ ఫానింగ్ 18 కొట్టేవరకు అదే రికార్డు. అయితే 1928 ఫైనల్లో రిచ్‌మండ్ మీద కొట్టిన తొమ్మిది గోల్స్‌కే నేను ఎక్కువ విలువిస్తాను, ఎందుకంటే ఫైనల్లో ఎదుటి జట్టు కూడా బలమైనదే.

 

నన్ను ఇప్పటికీ బాధపెట్టేది 1936. రిచ్‌మండ్‌తో మ్యాచ్‌లో జో మర్డాక్‌ను కొట్టినందుకు కోవెంట్రీకి ఎనిమిది మ్యాచ్‌ల నిషేధం పడింది. అతని మెడ మీద సెగగడ్డలు లేచి ఉన్నాయనీ, వాటి మీదే దెబ్బలు పడుతుంటే ఓర్చుకోలేక తిరగబడ్డాడనీ చెబుతారు. అంతకుముందు అన్నేళ్ళలో అతని మీద ఒక్క ఫిర్యాదు కూడా లేదు. కొట్టడం తప్పే, కానీ అంత మచ్చలేని చరిత్రకు ఎనిమిది మ్యాచ్‌లు చాలా ఎక్కువ. ఆ శిక్ష వల్ల అతను లేకుండానే కాలింగ్‌వుడ్ ఆ ఏడాది ఫైనల్ ఆడింది, గెలిచింది కూడా.

మీ ప్రశ్నకు అసలైన జవాబు ఆ మరుసటి ఏడాదిలో ఉంది. ఆట మానేద్దామనుకున్న మనిషి 1937లో, 36వ ఏట, తిరిగి వచ్చి 72 గోల్స్‌తో లీగులో అందరికంటే ముందు నిలిచాడు, 300 మ్యాచ్‌లు ఆడిన మొదటి ఆటగాడయ్యాడు. అప్పటికి సిడ్ జట్టులో లేడు, ఆ నాలుగు వరుస టైటిళ్ళ కాలమూ గడిచిపోయింది. ఆ ఏడాది ఫైనల్లో జీలాంగ్ చేతిలో ఓడిన మ్యాచే అతనికి చివరిది, 306వది. 1299 గోల్స్ రికార్డును 1999లో టోనీ లాకెట్ దాటేసరికి 62 ఏళ్ళు గడిచాయి.