రికార్డింగ్ వేళ రోగి మొహం చూడు, బిడ్డా

చిట్టీ,

అల్జీమర్స్, పార్కిన్సన్స్ వచ్చినవాళ్ల మెదడులో భాగాల మధ్య సంబంధాలు ఎలా మారతాయో ఈఈజీతో, అదే తల మీద ఎలక్ట్రోడ్లు పెట్టి మెదడు కరెంటు అలలు రాసుకునే పరీక్షతో, చూస్తావట, పీహెచ్‌డీ సీటు వచ్చిందట. మీ బాపు చెప్పినప్పటి నుంచి సంతోషం సగం, టెన్షన్ సగం. హన్మకొండలో ఇన్నేళ్లు తలలకు ఎలక్ట్రోడ్లు అతికించినదాన్ని, రాయకుండా ఉండలేకపోయాను.

నూనె లేకుండా తలంటుకుని రమ్మనడం, రికార్డులో కలిసే 50 హెర్ట్జ్ కరెంటు లైను గోల చూసుకోవడం ల్యాబులోనే నేర్పుతారు.

నా భయమంతా నిద్ర గురించే. మా దగ్గరకు ఒక పరిశోధక విద్యార్థి వచ్చేవాడు, మంచి తెలివైనవాడు. రోగులేమో పరకాల, నర్సంపేట, ములుగు నుంచి తెల్లారకముందే బస్సెక్కి, ఓపీ చీటీ కోసం నిలబడి, డాక్టర్‌కు చూపించుకుని, ఇంత తిని మధ్యాహ్నానికి అతని గదికి చేరేవాళ్లు. పోల్చడానికి తీసుకున్న ఆరోగ్యవంతులు స్టాఫ్ తల్లిదండ్రులు. పొద్దున్నే వచ్చి చేయించుకుని పోయేవాళ్లు. రోగుల్లో ఆల్ఫా అనే వేగమైన అలలు తగ్గాయి, థీటా అనే నెమ్మది అలలు పెరిగాయి, కనెక్టివిటీ, అంటే భాగాల మధ్య సంబంధం, మారింది అని పిల్లవాడు సంబరపడ్డాడు. అల్జీమర్స్‌లో తరంగాలు నిజంగానే అలా నెమ్మదిస్తాయి. కానీ కునుకు పట్టినా అచ్చం అలాగే కనిపిస్తుంది! కునుకులో మూసిన రెప్పల కింద కనుగుడ్లు మెల్లగా అటూ ఇటూ తిరుగుతాయి, నుదుటి వైపు ఎలక్ట్రోడ్ల గీతల్లో పెద్ద పెద్ద అలలు వస్తాయి. వాటిని కంటి కదలికల మలినమని సాఫ్ట్‌వేర్‌తో తీసేశాడు. మనిషి నిద్రలోకి జారాడని చెప్పే గుర్తు దాంతోపాటే పోయింది. అంత పనీ మూలపడింది.

స్క్రీనుకు అతుక్కుపోకు, మనిషిని చూడు. రెప్పలు బరువెక్కితే పేరు పెట్టి పిలువు. రోగులనూ ఆరోగ్యవంతులనూ ఒకే వేళకు రప్పించు. రాత్రి నిద్రపోయారో లేదో రాసుకో. పార్కిన్సన్స్ వాళ్లు తమ మందు లెవోడోపా ఎప్పుడు వేసుకున్నారో రాయని రికార్డు నాకైతే చూపించకు.

రెండు ఎలక్ట్రోడ్లు కలిసి ఊగగానే ఆ రెండు చోట్లూ మాట్లాడుకుంటున్నాయని గంతులేయకు. ఒకే చోట పుట్టిన సిగ్నల్ పుర్రె మీద పరుచుకుని రెండింటికీ అందుతుంది. స్టామ్ అనే శాస్త్రవేత్త 2007లో తెచ్చిన ఫేజ్ లాగ్ ఇండెక్స్ అనే కొలత అందుకే, ఏమాత్రం ఆలస్యం లేని పోలికను అది లెక్కలోకి తీసుకోదు. మీ గైడును అడిగి నేర్చుకో.

మా అమ్మ, అదే మీ నాయనమ్మ, చివర్లో నన్ను గుర్తుపట్టలేదు. వెనక నుంచి తల మీద చెయ్యి వేస్తే ఉలిక్కిపడి కొట్టేది. ఎదురుగా కూర్చుని, దువ్వెన చూపించి, అడిగి దువ్వితే మెడ వాల్చేది. నువ్వూ ఎలక్ట్రోడ్ల టోపీ పెట్టేముందు చూపించు, చేతికివ్వు, తడమనివ్వు. ఎంత ఆలస్యమైనా విసుక్కోకు తల్లీ.

ఎలక్ట్రోడ్ల కింద పూసిన జెల్లు కడగకుండా ఆ తలతో ముసలివాళ్లను బస్సెక్కించావని తెలిస్తే ఊరుకోను. వేడినీళ్లు, షాంపూ, తువ్వాళ్లు గ్రాంటులో రాయించు. ఒప్పుకోకపోతే ఆ డబ్బులు నేను పంపిస్తాను.

మీ అత్తమ్మ