టాంజానియాలో సఫారీ కాకుండా ఏం చూడాలి? నా ఓటు కిల్వాకే

దార్ ఎస్ సలామ్‌లో ఆఫీసు పని అయ్యాక మూడు రోజులు మిగులుతాయి, చారిత్రక ప్రదేశం ఏదైనా ఉందా అని అడిగారు. ఈజిప్టు దాటితే ఆఫ్రికాలో పాత కట్టడాలు ఉండవంటారు, నిజమేనా అని కూడా అడిగారు. ఉండవని నేనూ అనుకునేవాణ్ణి. దార్‌లో రెండేళ్లు ఉద్యోగం చేసి, తిరిగొచ్చే ముందు నెలలో గానీ కిల్వా వెళ్లలేదు. ఇప్పటికీ దానికి నన్ను నేనే తిట్టుకుంటాను.

దార్ నుంచి దక్షిణంగా సుమారు 300 కిలోమీటర్లు వెళ్తే కిల్వా మసోకో అనే చిన్న ఊరు వస్తుంది. దాని ఎదురుగా సముద్రంలో ఉన్నదే కిల్వా కిసివాని దీవి. ఒకప్పటి పెద్ద వ్యాపార నగరపు శిథిలాలు అక్కడున్నాయి, 1981 నుంచి యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో ఉన్నాయి. నేను ఆదివారం మధ్యాహ్నానికి చేరాను. పర్మిట్ లేనిదే దీవికి వెళ్లనివ్వరు, పర్మిట్ ఇచ్చే ఆఫీసేమో మూసేసి ఉంది. ఒక రోజు గోవిందా! మీరు పనిదినాన ఉదయమే చేరేలా చూసుకోండి.

మర్నాడు తెరచాప పడవలో దాటాం. సముద్రం పాటులో ఉంది కాబట్టి ఒడ్డు దాకా పడవ పోలేదు. చెప్పులు చేత్తో పట్టుకుని మోకాలి లోతు నీళ్లలో నడిచాను. రెండు వైపులా మడ చెట్లు. మాది కాకినాడ, కోరింగలో చూసినవే కదా అనుకుంటూ నడుస్తుంటే గైడ్ పెద్దాయన వాటిని చూపించి, "ఇక్కడి గదుల కొలత ఈ చెట్టే నిర్ణయించింది" అన్నాడు. అప్పుడు అర్థం కాలేదు. శిథిలాల్లోకి వెళ్లాక చూస్తే ఏ గదైనా రెండున్నర మీటర్లకు అటూ ఇటూగానే వెడల్పు. కప్పుకి వాడిన మడ దూలం అంతకంటే పొడుగు రాదు మరి! గోడలన్నీ పగడపు రాయి. అందులో సముద్రంలోంచి తీసే రకం కొత్తలో మెత్తగా ఉంటుందట, అప్పుడే చెక్కేస్తారు. గాలికి ఆరాక గట్టిపడుతుంది. అదే పగడాన్ని కాల్చి సున్నం చేసేవాళ్లు.

పెద్ద మసీదు దగ్గరే నేను ఎక్కువసేపు కూర్చున్నాను. ఉత్తరం వైపు భాగం పాతది. దక్షిణాన గుమ్మటాలతో ఉన్న హాలు 14వ శతాబ్దం మొదట్లో పెంచింది. ఆ కాలపు సుల్తాను అల్ హసన్ ఇబ్న్ సులైమాన్. 1331లో మొరాకో యాత్రికుడు ఇబ్న్ బతూతా వచ్చింది ఆయన దగ్గరికే. లోపలి ప్రాంతాల బంగారం ఇప్పటి మొజాంబిక్‌లోని సొఫాలా రేవు మీదుగా ఇక్కడికి చేరేది, మన దేశపు బట్టలు, గాజుపూసలు, చైనా పింగాణీ ఇక్కడ దిగేవి. ఆ సుల్తాను నాణెం ఒకటి ఎక్కడో లోపల ఉన్న గ్రేట్ జింబాబ్వే శిథిలాల్లో దొరికిందంటే వ్యాపారం ఎంత దూరం సాగిందో చూడండి.

హుసుని కుబ్వా అనే రాజభవనం కాస్త దూరం, ఎండలో నడవాలి. వందకు పైగా గదులు, సముద్రం వైపు కొండ అంచున ఎనిమిది మూలల స్నానాల కొలను. అసలు పూర్తిగా కట్టనే లేదంటారు. కొలను గట్టు మీద కూర్చుంటే కింద అలల చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు. జాంజిబార్‌లో సెల్ఫీల గుంపుల మధ్య నలిగిన నాకు అదే పెద్ద వరం.

తిరిగొచ్చేటప్పుడు ఒడ్డున కోట చూస్తారు, గెరెజా అంటారు. స్వాహిలీలో ఆ మాటకు జైలు అని అర్థం, పుట్టింది మాత్రం చర్చి అనే పోర్చుగీసు మాట నుంచి! 1505లో అల్మెయిడా కిల్వాని పట్టుకుని ఇక్కడ కోట కట్టాడు. ఆ ఏడాదే మన తీరానికి తొలి పోర్చుగీసు వైస్రాయిగా వచ్చింది ఆయనే. ఇప్పుడు కనిపించేది చాలావరకు తర్వాత ఒమానీలు కట్టింది.

గైడ్ లేకుండా మాత్రం వెళ్లకండి, వట్టి మొండి గోడలే కనిపిస్తాయి. తాగునీళ్లు, టోపీ మర్చిపోవద్దు. పడవ ఎక్కే ముందే పోటు ఎప్పుడొస్తుందో కనుక్కోండి, లేకపోతే నాలాగే బురదలో ఫోన్ పారేసుకుంటారు.