రెండో డైరెక్టర్‌గా వాళ్లమ్మ పేరు పెట్టకండి

ప్రశ్న: మాది గుంటూరు, బ్రాడీపేట. మా అబ్బాయి బీకాం ఫైనలియర్. ఆరు నెలలుగా వాళ్ల నానమ్మ పెట్టే పచ్చళ్లకు, కారప్పొడులకు ఇన్‌స్టాగ్రామ్‌లో ఆర్డర్లు తీసుకుని పంపిస్తున్నాడు. ఎక్కువగా హైదరాబాద్‌కే వెళ్తున్నాయి. ఇప్పుడు ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ పెడతానంటున్నాడు. డైరెక్టర్‌గా ఉంటానన్న ఫ్రెండ్, ఇంట్లో వద్దనేసరికి తప్పుకున్నాడు. ఇద్దరు డైరెక్టర్లు ఉండాలట, అందుకని మా ఆవిడ పేరు పెడదామనుకుంటున్నాం, ఆమె ప్రభుత్వ టీచర్. రిజిస్ట్రేషన్లన్నీ కలిపి ఇరవై వేలకు చేసిపెడతామని ఒక కన్సల్టెంట్ చెప్పారు. సొంత పేరు మీద వ్యాపారం, పార్ట్‌నర్‌షిప్, ఎల్‌ఎల్‌పీ (పరిమిత బాధ్యత ఉండే భాగస్వామ్యం), కంపెనీ వీటిలో ఏది మంచిది? నాకైతే ఇవన్నీ మాన్పించి కంపెనీ సెక్రటరీ (సీఎస్) కోర్సులో చేర్పిస్తే మేలనిపిస్తోంది.

జవాబు: మిగతావన్నీ తర్వాత. ముందు ఆ కాగితాల్లోంచి మీ ఆవిడ పేరు తీసేయండి. ప్రభుత్వ ఉద్యోగి అనుమతి లేకుండా వ్యాపారం చేయడాన్ని, కంపెనీ నిర్వహణలో ఉండడాన్ని 1964 నాటి ఆంధ్రప్రదేశ్ సివిల్ సర్వీసుల ప్రవర్తనా నియమాలు ఒప్పుకోవు. "అందరూ పెడుతున్నారు కదండీ" అంటారేమో. డైరెక్టర్ల పేర్లు కార్పొరేట్ వ్యవహారాల శాఖ వెబ్‌సైట్‌లో ఎవరైనా చూడొచ్చు. గిట్టనివాడు ఒక్కడు డీఈవో ఆఫీసుకు ఆకాశరామన్న ఉత్తరం రాస్తే ఆమె ఇన్నేళ్ల సర్వీసుకు మచ్చ పడుతుంది. పైగా మీ ఉత్తరమంతా వెతికినా ఆమెను అడిగినట్టు ఒక్క మాట లేదు. సంతకం పెట్టినందుకు రేపు చట్టానికి జవాబు చెప్పాల్సింది ఆమె. అలాంటప్పుడు ఎదురుగా కూర్చోబెట్టి అన్నీ చెప్పి అడగాలండీ. ఫారంలో ఖాళీ ఉందని భార్య పేరు రాసేయడం మంచి పద్ధతి కాదు.

ఇక అసలు విషయం. కంపెనీయా, సీఎస్సా అని మీరు అడుగుతున్న రెండు దారులూ ఒకే భయంలోంచి వచ్చాయి. "డిగ్రీ అయ్యాక మీ వాడేం చేస్తున్నాడు?" అని చుట్టాలు అడిగితే పచ్చళ్లు అమ్ముతున్నాడని చెప్పడానికి మీకు మనసు రావడం లేదు. కంపెనీ పెడితే డైరెక్టర్ అని చెప్పుకోవచ్చు, సీఎస్‌లో చేరితే ఇంకా చదువుతున్నాడని చెప్పుకోవచ్చు. విజయవాడ, గుంటూరుల నుంచి నాకు ఇదే ప్రశ్న ఎన్నో రూపాల్లో వస్తుంటుంది. మీ భయం నాకు అర్థమవుతుంది. కానీ నలుగురికీ చెప్పుకోవడానికని పిల్లవాడి నెత్తిన ఒక కంపెనీని పెట్టకండి.

కంపెనీ పెట్టడం ఈ రోజుల్లో చాలా తేలిక. దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే హర్యానాలోని మానేసర్ కేంద్రానికి వెళ్తుంది. కనీస మూలధనం ఇంత ఉండాలన్న నిబంధన 2015లోనే పోయింది. పాన్, టీడీఎస్ కట్టడానికి కావలసిన టాన్ నంబరు కూడా దాంతోపాటే వచ్చేస్తాయి. ఆ సర్టిఫికెట్ ఫొటో స్టేటస్‌లో పెట్టుకునే రోజు పిల్లలకు పండగే. ఆ మర్నాటి నుంచి ఏముంటుందో మాత్రం ఎవరూ చెప్పరు. నెలలోపు ఆడిటర్‌ను నియమించుకోవాలి. 180 రోజుల్లోపు వాటాల సొమ్ము బ్యాంకులో జమైందని చూపించి, వ్యాపారం మొదలుపెడుతున్నామని డిక్లరేషన్ వేయాలి. ఒక్క సీసా అమ్మకపోయినా ఏటా ఆడిట్ చేయించాలి. బోర్డు మీటింగులు పెట్టి మినిట్స్ రాయాలి. ఆర్థిక లెక్కలు ఒక ఫారంలో, వార్షిక రిటర్న్ ఇంకో ఫారంలో కంపెనీల రిజిస్ట్రార్‌కు పంపాలి. ఆదాయపు పన్ను రిటర్న్ వేరే. రిజిస్ట్రార్‌కు పంపాల్సిన ఆ రెండు ఫారాలకు ఆలస్య రుసుము ఒక్కోదానికి రోజుకు 100 రూపాయలు, దానికి పైపరిమితి లేదు. రెండూ ఒక ఏడాది మర్చిపోతే 73,000 అవుతుంది. మీ వాడు ఏడాదంతా అమ్మిన పచ్చళ్ల మీద అంత లాభం వచ్చి ఉంటుందా? ఒకసారి కాగితం పెన్నూ తీసుకుని వాడితోనే లెక్క వేయించండి.

ఈ విషయంలో నేను కాస్త గట్టిగా మాట్లాడడానికి కారణం ఉంది. నా దగ్గరకు వచ్చిన ఒక కుర్రాడు ఇంజినీరింగ్ మూడో ఏడాదిలో ఇద్దరు స్నేహితులతో కలిసి యాప్ కోసం కంపెనీ పెట్టాడు. కాలేజీలో శాలువా కప్పారు, ఫ్లెక్సీ కట్టారు. చివరి ఏడాదిలో ముగ్గురికీ క్యాంపస్‌లో ఉద్యోగాలొచ్చి తలో ఊరు వెళ్లిపోయారు. యాప్ ఆగిపోయింది గానీ కంపెనీ ఆగలేదు, దాన్ని మూసినవాళ్లు లేరు. వరసగా మూడు ఆర్థిక సంవత్సరాలు ఫారాలు దాఖలు చేయకపోతే ఆ డైరెక్టర్లు అయిదేళ్లపాటు ఏ కంపెనీలోనూ డైరెక్టర్‌గా ఉండడానికి అనర్హులవుతారు. తర్వాత ఆ అబ్బాయి ఆటోనగర్‌లో బావగారితో కలిసి విడిభాగాల వ్యాపారం నిజంగానే మొదలుపెట్టబోతే పాత కంపెనీ అడ్డం తగిలింది. ఇలాంటివి అరుదేమీ కాదు. 2017లో కేంద్రం ఇలా ఫైలింగులు లేని కంపెనీలు రెండు లక్షలకు పైగా రిజిస్టర్‌లోంచి కొట్టేసింది, లక్షమందికి పైగా డైరెక్టర్లను అనర్హులను చేసింది. వాళ్లంతా మోసగాళ్లని నేను అనుకోను. సర్టిఫికెట్ వచ్చాక అటువైపు చూడని మామూలు మనుషులు కూడా వాళ్లలో ఉంటారు.

మూసేయడం కూడా ఉచితం కాదు. పేరు కొట్టేయమని దరఖాస్తు పెట్టడానికే ప్రభుత్వ రుసుము 10,000 రూపాయలు, అదీ పెండింగ్ ఫారాలన్నీ రుసుములతో సహా వేశాక. కాలేజీల్లో ఇంక్యుబేషన్ సెంటర్లు, స్టార్టప్ పోటీలు, ఇంటికో పారిశ్రామికవేత్త అన్న నినాదాలు ఇవన్నీ మంచివే. పిల్లల్లో భయం పోగొడుతున్నాయి. కానీ ఎన్ని కంపెనీలు పుట్టాయో లెక్క చెప్పే సభల్లో, మూడేళ్ల తర్వాత ఫారాలు వేస్తున్నవి ఎన్నో కూడా చెప్పాలని నేను ఎప్పుడూ అడుగుతుంటాను.

"కంపెనీ అయితే నష్టమొచ్చినా ఇంటిదాకా రాదు కదా" అని ఆ కన్సల్టెంట్ మీకు చెప్పే ఉంటారు. చట్టం ప్రకారం నిజమే. కానీ కొత్త కంపెనీకి అప్పిచ్చే బ్యాంకు సాధారణంగా డైరెక్టర్ల వ్యక్తిగత హామీ అడుగుతుంది, చాలాసార్లు తండ్రి హామీ కూడా. మీరు సంతకం పెట్టాక ఆ గోడ పడిపోయినట్టే. స్టార్టప్ ఇండియా గుర్తింపు వస్తే ప్రభుత్వం డబ్బులిస్తుందనేది ఇంకో అపోహ. గుర్తింపు వేరు, నిధులు వేరు. కొత్త ఆవిష్కరణ ఏదో చూపించాలి కూడా. నానమ్మ చేతి గోంగూర ఎంత బాగున్నా ఆ లెక్కలోకి రాదు. పెట్టుబడికి కావలసిందల్లా కొంచెమే అయితే ముద్ర రుణంలో శిశు విభాగం కింద 50,000 వరకు తాకట్టు లేకుండా అడగొచ్చు, దానికి కంపెనీ అక్కర్లేదు.

మీరు అడిగిన పోలిక రెండు ముక్కల్లో చెప్తాను, ఎందుకంటే మీ వాడికి ఈరోజు అంతకన్నా అవసరం లేదు. పార్ట్‌నర్‌షిప్‌కు, ఎల్‌ఎల్‌పీకి ఇద్దరుండాలి, ఆ రెండో మనిషి వెళ్లిపోయాడు. ఎల్‌ఎల్‌పీలో టర్నోవరు 40 లక్షలు, పెట్టుబడి 25 లక్షలు దాటేదాకా ఆడిట్ తప్పనిసరి కాదు, అదొక్కటి మెరుగు. ఒక్కరితోనే పెట్టుకునే వన్ పర్సన్ కంపెనీ ఉంది గానీ దానికీ ఆడిట్ తప్పదు. సొంత పేరు మీద, అంటే ప్రొప్రైటర్‌షిప్‌గా పెట్టుకుంటే ఈ గొడవలు లేవు. లాభం వాడి ఆదాయమే, రిటర్నూ వాడి పాన్ మీదే. నష్టం వస్తే అదీ వాడిదే, అందుకని అప్పు చేసి సరుకు పెట్టనివ్వకండి. వ్యాపారం పెరిగి, పెట్టుబడి పెట్టేవాళ్లో, నమ్మకమైన భాగస్వామో వచ్చినరోజు కంపెనీగా మార్చుకోవచ్చు. ఇప్పుడే పెట్టడమంటే పెళ్లిచూపులు కాకముందే కల్యాణమండపానికి అడ్వాన్సు ఇచ్చినట్టు.

ఇంకొకటి, మీరిద్దరూ కంగారు పడాల్సింది కంపెనీ గురించి కాదు. హైదరాబాద్ ఆర్డర్ల గురించి. సరుకు అమ్మేవాళ్లకు మన రాష్ట్రంలో టర్నోవరు 40 లక్షల దాకా జీఎస్టీ రిజిస్ట్రేషన్ అక్కర్లేదని మీ వాడు ఎక్కడో చదివి ధీమాగా ఉండి ఉంటాడు. అది రాష్ట్రం లోపల అమ్మేవాళ్లకు. గుంటూరు నుంచి హైదరాబాద్‌కు కిలో పచ్చడి అమ్మినా 2014 నుంచి అది వేరే రాష్ట్రం. పన్ను పడే సరుకు రాష్ట్రం దాటితే మొదటి రూపాయి నుంచే రిజిస్ట్రేషన్ తీసుకోవాలి. చిన్న వ్యాపారులు టర్నోవరు మీద ఒక శాతం కట్టే కాంపోజిషన్ పథకం కూడా వాడికి పనికిరాదు, అందులో ఉన్నవాళ్లు వేరే రాష్ట్రానికి సరుకు అమ్మకూడదు. ఆరు నెలలు ఆలస్యమైంది కాబట్టి కొరియర్ రసీదులు, ఫోన్‌పే వసూళ్లు అన్నీ ఒకచోట పెట్టుకుని మీ ఊళ్లో నమ్మకమైన ఆడిటర్ గారి దగ్గరకు ఈ వారమే తీసుకెళ్లండి. మొత్తం చిన్నదే అయ్యుంటుంది, దాచకుండా సర్దుకుంటే సరిపోతుంది.

జీఎస్టీ రిజిస్ట్రేషన్‌కు ప్రభుత్వ రుసుము లేదు. చిన్న వ్యాపారాలకు గుర్తింపునిచ్చే ఉద్యమ్ రిజిస్ట్రేషన్‌కూ లేదు, ఆధార్ నంబరుతో ఇంట్లో కూర్చుని చేసుకోవచ్చు. అచ్చం ప్రభుత్వ వెబ్‌సైట్‌లా కనిపించి డబ్బులు అడిగేవి ఉన్నాయి, చిరునామాలో గవ్ డాట్ ఇన్ ఉందో లేదో చూసుకోమనండి. కన్సల్టెంట్‌కు ఇచ్చే ఇరవై వేలలో ఏది రుసుము, ఏది ఆయన ఫీజు అన్నది రాతపూర్వకంగా అడగండి. పనికి ఫీజు తీసుకోవడం తప్పు కాదు, ఉచితమైనదాన్ని రుసుమని చెప్పి తీసుకుంటే తప్పు.

దరఖాస్తు ఆగిపోయేది సాధారణంగా చిన్నచోట. ఇల్లే వ్యాపార స్థలమని చూపిస్తే కరెంటు బిల్లో, ఇంటిపన్ను రసీదో అడుగుతారు. మన ఇళ్లలో చాలావాటికి కరెంటు సర్వీసు ఇప్పటికీ పోయిన తాతగారి పేరు మీదే ఉంటుంది. దరఖాస్తులో ఒక పేరు, బిల్లులో ఇంకో పేరు కనిపిస్తే అధికారి వివరణ అడుగుతారు. ముందే ఇంటిపన్ను రసీదు మీ పేరు మీద ఉందో లేదో చూసి, అబ్బాయికి అనుమతి ఇస్తున్నట్టు కాగితం రాసిపెట్టండి.

ఆ తర్వాత లేబుల్. మీ వాడు నాకు పంపిన సీసా ఫొటో చూశాను. పేరు ముచ్చటగా ఉంది, నానమ్మ బొమ్మ ఉంది. ఫుడ్ లైసెన్సు 14 అంకెల నంబరు లేదు, తయారైన తేదీ లేదు, నికర బరువు లేదు, ఎమ్మార్పీ లేదు, ఫిర్యాదు ఉంటే చేయాల్సిన ఫోన్ నంబరు లేదు. కంపెనీ సర్టిఫికెట్ ఎంత పెద్దదున్నా ఈ లేబుల్‌తో దుకాణంలోకి వెళ్లిన సీసాకు ఆహార భద్రత అధికారి దగ్గర, తూనికలు కొలతల శాఖ దగ్గర జవాబు ఉండదు. పచ్చళ్ల వ్యాపారంలో అసలు చట్టం అంటే ఇదే, వాడి శ్రద్ధంతా ముందు ఇక్కడ పెట్టమనండి.

ఇన్ని చెప్పానని వాడిని ఆపేయకండి. ఆరు నెలలు ముక్కూమొహం తెలియనివాళ్లు డబ్బు ముందే పంపి వీడి దగ్గర కొన్నారంటే వీడిలో ఏదో ఉంది. ఒక ఏడాది టైమివ్వండి. ప్రొప్రైటర్‌షిప్ నడవకపోతే జీఎస్టీ రద్దుకు దరఖాస్తు పెట్టి, మూడు నెలల్లో చివరి రిటర్న్ వేస్తే అయిపోతుంది. వాడికి ఇరవై రెండేళ్లు కూడా రాకముందే బిల్లు రాయడం, పన్ను కట్టడం, కోపంగా ఉన్న కస్టమర్‌తో మాట్లాడడం వచ్చేస్తాయి. ఆ ఏడాదిని ఏ ఇంటర్వ్యూలోనూ ఖాళీ ఏడాది అనరు. చుట్టాలకు "మా వాడు సొంతంగా వ్యాపారం చేసుకుంటున్నాడు" అని చెప్పండి. మిర్చి యార్డు ఉన్న ఊళ్లో వ్యాపారం చేసేవాళ్లను చిన్నచూపు చూసేవాళ్లెవరండీ?

సీఎస్ సంగతి. మంచి చదువే. కానీ పూర్తికాలం కంపెనీ సెక్రటరీ తప్పనిసరి అయ్యేది షేర్ మార్కెట్లో లిస్టయిన కంపెనీలకు, చెల్లించిన మూలధనం 10 కోట్లు అంతకుమించి ఉన్నవాటికి. మన గుంటూరు, విజయవాడల్లో అలాంటివి తక్కువ, ఉద్యోగానికి హైదరాబాదో చెన్నైయో వెళ్లాల్సి రావచ్చు. వాడిని ఇంట్లో ఉంచుకోవడానికి సీఎస్ అనుకుంటే లెక్క తప్పుతుంది. ఈ ఏడాదిలో వాడి రిటర్న్‌లు వాడే వేసుకోనివ్వండి, ఆడిటర్ గారు పక్కన కూర్చుని చూసిపెడతారు. ఆ పని వాడికి నచ్చితే, నోటీసు వస్తే భయపడకుండా కూర్చుని చదివి జవాబు రాసే రకమైతే, సీఎస్, సీఎంఏ (కాస్ట్ అకౌంటెంట్ కోర్సు), జీఎస్టీ ప్రాక్టీషనర్ ఇవన్నీ అప్పుడు కూడా తెరిచే ఉంటాయి. పచ్చడి కలపడంలో, అమ్మడంలోనే వాడి ప్రాణం ఉందనిపిస్తే ఫైలింగులు ఆడిటర్‌కు అప్పగించి, వాడిని మార్కెట్లో తిరగనివ్వండి.

ఆడిటర్‌కు అప్పగించినా ఒక్కటి మాత్రం అప్పగించకండి. జీఎస్టీ పోర్టల్‌లో ఇచ్చే ఫోన్ నంబరు, ఈమెయిల్ అబ్బాయివే ఉండాలి. చాలామందికి కన్సల్టెంట్ తన నంబరు ఇచ్చేస్తారు. ఓటీపీలూ, నోటీసుల మెసేజ్‌లూ ఆయనకే వెళ్తాయి. ఆయన ఊరు మారినా, ఫీజు దగ్గర మాట తేడా వచ్చినా మన లాగిన్ మన చేతిలో ఉండదు. కొన్ని నోటీసులు పోర్టల్‌లో 'అదనపు నోటీసులు' అనే వేరే ట్యాబ్‌లో పడతాయి, జవాబుకు గడువు అక్కడి నుంచే మొదలవుతుంది. అమ్మకం లేని నెలల్లో కూడా నిల్ రిటర్న్ వేయాలి, లేకపోతే రోజుకు 20 రూపాయలు. ప్రతి సోమవారం పొద్దున ఒకసారి లాగిన్ అయి చూసే అలవాటు చేయించండి, మొదటి కొన్ని వారాలు మీరూ పక్కన కూర్చోండి.