బంకు మారితే మైలేజీ మారుతుందా?

(పాఠకుల బండి సందేహాలకు విజయవాడ ఆటోనగర్‌లో ముప్పై ఏళ్లుగా షెడ్డు నడుపుతున్న మెకానిక్ జవాబులు)

ప్రశ్న: మాది గుంటూరు, బ్రాడీపేట. రోజూ బండి మీద విజయవాడ ఉద్యోగానికి వెళ్లి వస్తాను. మా బావగారు ఒక కంపెనీ పేరు చెప్పి, అక్కడైతేనే అసలు పెట్రోలు, మిగతావన్నీ కల్తీ అంటారు. ఆయన మాట మీద రెండు నెలల కింద బంకు మార్చాను. 46 వచ్చే మైలేజీ 52కి పెరిగింది. ఈ నెల మళ్లీ 47కి పడింది. కంపెనీని బట్టి పెట్రోలు నాణ్యత మారుతుందా? ప్రీమియం పోయిస్తే మేలా?

జవాబు: ముందు మీ బావగారికి నా నమస్కారాలు చెప్పండి. ఇలాంటి బావగారు ప్రతి ఇంట్లో ఒకరుంటారు. మా ఇంట్లో ఆ బావని నేనే.

ఎన్ని కిలోమీటర్లకు లెక్క కట్టారో మీరు రాయలేదు. 200 అనుకుందాం. 52 వచ్చిందంటే 3.85 లీటర్లు తాగింది, 46 వచ్చిందంటే 4.35 లీటర్లు తాగింది. తేడా అరలీటరు. మీకూ మీ బావగారికీ నడుస్తున్న వాదన మొత్తం ఆ అరలీటరు మీదే. ఇప్పుడు ఒకటి గుర్తు చేసుకోండి. ఫుల్ ట్యాంక్ కొట్టించినప్పుడు బండి సెంటర్ స్టాండ్ మీద ఉందా, సైడ్ స్టాండ్ మీద వాల్చి ఉందా? గన్ టక్కున ఆగగానే కుర్రాడు తీసేశాడా, లేక చిల్లర సరిపెట్టడానికి ఇంకో రెండుసార్లు నొక్కాడా? వాలిన ట్యాంకుకీ నిలువుగా ఉన్న ట్యాంకుకీ అరలీటరు తేడా రావడం నా కళ్లారా చూశాను. కాబట్టి ఒకే బంకులో, ఒకే మిషన్ దగ్గర, సెంటర్ స్టాండ్ వేసి, గన్ మొదటిసారి ఆగినచోటే ఆపించి, వరసగా నాలుగు ట్యాంకులు రాసుకోండి. టైర్లలో గాలి కూడా చూసుకోండి. కనకదుర్గ వారధి మీద ట్రాఫిక్‌లో ఇరుక్కున్న వారానికీ, మంగళగిరి దాటాక హాయిగా 50లో వెళ్లిన వారానికీ ఎటూ పోలిక ఉండదు.

ఇక కంపెనీ సంగతి. కొండపల్లి వైపు వెళ్లినవాళ్లు చూసే ఉంటారు, అక్కడ బొమ్మల కంటే ట్యాంకర్లే ఎక్కువ కనిపిస్తాయి. ఆయిల్ కంపెనీల డిపోలు అక్కడే. హిందుస్థాన్ పెట్రోలియం వాళ్ల విశాఖ రిఫైనరీ నుంచి విజయవాడ మీదుగా సికింద్రాబాద్ వరకు పైపులైనే ఉంది. అన్ని కంపెనీలకూ అన్నిచోట్లా రిఫైనరీలు ఉండవు కదా, అందుకని ప్రభుత్వ కంపెనీలు మూడూ ఒకరి సరుకు ఒకరు తీసుకోవడం ఎప్పటి నుంచో ఉన్నదే. బంకు మీద బోర్డు ఒకరిది, కింద ట్యాంకులో పెట్రోలు వండింది ఇంకొకరు అయినా ఆశ్చర్యపోనక్కర్లేదు. ఎవరు వండినా ప్రమాణం ఒక్కటే. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతా బీఎస్-6 (పొగ కాలుష్యం తగ్గించే భారత్ స్టేజ్ ప్రమాణం) పెట్రోలే అమ్మాలి. అందులో గంధకం పది లక్షల పాళ్లలో 10 పాళ్లు మించకూడదు. అంతకుముందు బీఎస్-4లో 50 దాకా ఉండనిచ్చేవారు. కంపెనీలు తమ సొంతమని చెప్పుకునేది పెట్రోలులో కలిపే చిటికెడు ఎడిటివ్ అనే రసాయనం మాత్రమే. లోపల మసి పట్టకుండా అది కొంత పని చేస్తుంది, కాదనను. లీటరుకి ఆరు కిలోమీటర్లు మాత్రం పెంచదు.

మైలేజీ కొంచెం తగ్గిందని ఇప్పుడు అందరూ అంటున్నారు. అది నిజమే. కారణం ఇథనాల్, అంటే చెరకు, ధాన్యం లాంటివాటి నుంచి తీసే ఆల్కహాల్. బంకుల్లో ఇప్పుడు వస్తున్నది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. అదే పరిమాణం పెట్రోలుతో పోలిస్తే ఇథనాల్‌లో శక్తి మూడింట రెండొంతులే. పాత టూవీలర్లకు దీనివల్ల మైలేజీ మూడు నాలుగు శాతం తగ్గొచ్చని 2021లో నీతి ఆయోగ్ నివేదికలోనే రాశారు. అంటే మీ 52 అటూ ఇటూగా 50 అవుతుంది, 46 కాదు. పైగా ఇది అన్ని బోర్డులకీ వర్తిస్తుంది. షెడ్డులో వాదనలు ముదిరినప్పుడు నేనొక పరీక్ష చేసి చూపిస్తాను. గీతలున్న గాజు గొట్టంలో 90 మిల్లీలీటర్ల పెట్రోలు, 10 మిల్లీలీటర్ల నీళ్లు పోసి, మూత పెట్టి ఊపి, కాసేపు నిలబెడతాను. ఇథనాల్ పెట్రోలుని వదిలేసి నీళ్లతో జట్టు కడుతుంది. అడుగున నీళ్ల గీత 10 దగ్గర ఉండాల్సింది 28 దగ్గరకి ఎక్కి కూర్చుంటుంది. పెరిగిన ఆ 18 మొత్తం ఇథనాలే. మూడు కంపెనీల పెట్రోలు పక్కపక్కన పెట్టి చూసినా గీత అక్కడక్కడే ఆగింది. మీరు మాత్రం ఇంట్లో చేయకండి, వంటగదిలో అసలే వద్దు.

అయితే బంకుకీ బంకుకీ తేడానే లేదా? ఉంది. ఆ తేడా బోర్డులో కాదు, నేల కింద ఉంటుంది. వానాకాలంలో ట్యాంకు మూతల సందుల్లోంచి నీళ్లు దిగుతాయి. ఇథనాల్ కలవని రోజుల్లో ఆ నీళ్లు అడుగున పడి ఉండేవి, పైపు అక్కడిదాకా అందేది కాదు. ఇప్పుడు ఇథనాల్ కొంచెం నీటిని తనలో కలుపుకుంటుంది. నీరు మోతాదు మించిందో, రెండూ కలిసి పెట్రోలు నుంచి విడిపోయి అడుక్కి చేరతాయి. ఆ పొర బండిలోకి వస్తే ఇంజిన్ తుమ్ముతుంది, దగ్గుతుంది, ఆగిపోతుంది. మంచి బంకువాళ్లు పొద్దున్నే కొలత కర్రకి పేస్టు పూసి ట్యాంకులోకి దించుతారు. నీళ్లు తగిలినంత మేర పేస్టు రంగు మారుతుంది. అందుకే నా సలహా, లారీలూ ఆటోలూ క్యూ కట్టే బంకు చూసుకోండి. సరుకు రోజూ కదిలేచోట పెట్రోలు పాతబడదు.

ఇక్కడ నా సిగ్గు కూడా ఒకటి చెప్పాలి. కొన్నేళ్ల కింద ఒక వాన రాత్రి నా సొంత బండి బెంజి సర్కిల్ దగ్గర ఆగిపోయింది. మర్నాడు కార్బొరేటర్ కింద గిన్నె విప్పి సీసాలోకి వంపాను. పైన పెట్రోలు, అడుగున వేలెడు మందాన నీళ్ల పొర. సీసా పట్టుకుని ముందురోజు పోయించిన బంకుకి పోయి నానా మాటలూ అన్నాను. అక్కడి మేనేజరు ఒక్క మాట ఎదురు చెప్పకుండా, నా ముందే కర్రకి పేస్టు పూసి ట్యాంకులోకి దించాడు. చుక్క నీరు లేదు. తర్వాత నా బండి ట్యాంకు మూత వంక చూసి, "మెకానిక్ గారూ, ఇది ఎప్పుడు శుభ్రం చేశారు?" అన్నాడు. మూత చుట్టూ ఉన్న గుంటలో వాన నీరు కిందికి పోవడానికి సన్నటి రంధ్రం ఒకటి ఉంటుంది. నాది మట్టితో పూడిపోయింది. గుంటలో నిలిచిన నీళ్లు, నేను మూత తెరిచిన ప్రతిసారీ ట్యాంకులోకే జారాయి. అప్పటి నుంచి ఎవరి బండి వచ్చినా ముందు ఆ రంధ్రంలో సైకిల్ చువ్వ పెట్టి చూస్తాను. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగాక వచ్చిన బళ్లలోనూ ఇదే గోల. బంకు పెట్రోలు పాడైందని కొందరు తిట్టుకుంటూ వచ్చారు. మూడు రోజులు నీళ్లలో నానింది బండి, తిట్లు పడింది బంకు.

కల్తీ అనుమానముంటే బంకులో ఫిల్టర్ పేపర్ అడగండి, ఇవ్వాల్సిందే. గన్ మూతి తుడిపించి ఒక చుక్క వేయండి. ఆరిపోయి కాగితం మామూలుగా మారితే సరే. జిడ్డు మరక మిగిలితే కిరోసిన్ లాంటిదేదో ఉన్నట్టు. రేషన్ నీలం కిరోసిన్ కలిపే రోజుల్లో ఆ మరక చూసే మేము బంకు మార్చేవాళ్లం. డెన్సిటీ (ఘనపు మీటరు పెట్రోలు ఎన్ని కిలోలు తూగుతుందన్న లెక్క) కూడా మిషన్ మీద ఏ రోజుకారోజు రాస్తారు. పెట్రోలుకి అది 720, 775 మధ్య ఉండాలి.

ప్రీమియం అంటారా, 95, 100 అనే అంకెలు ఆక్టేన్‌వి. ఇంజిన్‌లో పెట్రోలు వేళకి ముందే పేలి టకటకమని కొట్టుకోకుండా ఆపే గుణం అది, బలం కాదు. కంప్రెషన్, అంటే ఇంజిన్ లోపలి నొక్కుడు, ఎక్కువున్న బళ్లకి కావాలి. ఎంత కావాలో మీ బండి మాన్యువల్‌లో ఉంటుంది. ఆఫీసు బండికి వంద ఆక్టేన్ పోయించడం నా దృష్టిలో డబ్బు దండగ.

ప్రశ్న: పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు పోయిస్తే పెట్రోలు ఎక్కువ వస్తుందంటారు, నిజమేనా? (పటమట నుంచి)

జవాబు: ఒక డిగ్రీ వేడెక్కితే లీటరు పెట్రోలు ఒక మిల్లీలీటరు ఉబ్బుతుంది. ట్యాంకు నేల కింద ఉంటుంది కాబట్టి పొద్దుటికీ మధ్యాహ్నానికీ అక్కడ పెద్ద తేడా ఉండదు. మూడు డిగ్రీలు తేడా ఉందనుకున్నా ఐదు లీటర్లకి కలిసొచ్చేది మూడు చెంచాలు. దానికోసం నిద్ర పాడుచేసుకోకండి.

ప్రశ్న: వంద, రెండొందలకి కాకుండా 110, 210కి పోయిస్తే మోసం చేయలేరట కదా? (తెనాలి నుంచి)

జవాబు: మిషన్‌లో చిప్ పెట్టి కొట్టేసేవాడికి మీరు ఎంత నొక్కినా ఒకటే. జీరో చూసుకోండి, మాటల్లో పడకండి. అనుమానముంటే తూనికలు కొలతల శాఖ ముద్ర ఉన్న ఐదు లీటర్ల డబ్బా అడగండి. అది ప్రతి బంకులో ఉండి తీరాలి. ఐదు లీటర్లకి 25 మిల్లీలీటర్ల తేడా వరకు ఒప్పుకోవచ్చు, అంతకు మించి తగ్గితే ఫిర్యాదు చేయండి. కొలిచిన పెట్రోలు మళ్లీ వాళ్ల ట్యాంకులోనే పోసుకుంటారు, మీకు పైసా ఖర్చు లేదు.