పాలపుంత ఒక్కటే

సందేహం: ఒక పత్రికలో ‘దీర్ఘచతురస్త్రాకారంలో ఉన్న మరుగుజ్జు పాలపుంత’ అని రాశారు. పాలపుంత అంటే మనదొక్కటే అంటాడు మా అబ్బాయి. ఏది ఒప్పు?
– ఒక పాఠకురాలు, తణుకు

సమాధానం: మీ అబ్బాయి మాటే ఒప్పు. గోదావరి జిల్లావారికి పుంత అంటే ఏమిటో నేను చెప్పక్కర్లేదు. పొలాల మధ్య బండ్లు పోయే దారి. ‘కొత్త పుంతలు తొక్కింది’ అనేదీ ఆ పుంతే. చీకటి రాత్రి పాలు ఒలికినట్టు కనబడే దారి గనుక పాలపుంత. మనం ఉన్న గెలాక్సీని, అంటే మన సూర్యుడూ ఉన్న నక్షత్రాల మహాసమూహాన్ని, లోపలి నుంచి చూస్తున్నాం కాబట్టే అది దారిలా కనిపిస్తుంది. కాబట్టి ఇది మన గెలాక్సీ పేరు, సంజ్ఞావాచకం. మిగతావాటిని నక్షత్రవీథి అనవచ్చు గానీ, నా ఓటు గెలాక్సీకే. ఆ మాటకు మూలమైన గ్రీకులోనూ పాలే ఉన్నాయి లెండి!

అసలు తప్పు మీ కంటపడలేదు. చతురస్త్రం కాదు, చతురస్రం. అస్రం అంటే మూల. నాలుగు మూలలున్నది చతురస్రం, అస్త్రాలతో పనిలేదు. లెక్కల మాష్టార్లు కూడా బోర్డు మీద ఆ త వత్తు తగిలించేస్తుంటారు.

‘ఆకారంలో ఉన్న’ అనడమూ అంత సరికాదు. ఆ వార్త లెడా 074886 అనే చిన్న గెలాక్సీ గురించి. ఆస్ట్రేలియాలోని స్విన్‌బర్న్ విశ్వవిద్యాలయానికి చెందిన అలిస్టర్ గ్రాహం బృందం 2012లో దీని సంగతి ప్రకటించింది. హవాయిలోని సుబారు టెలిస్కోప్ తీసిన చిత్రంలో, సుమారు 7 కోట్ల కాంతి సంవత్సరాల దూరాన, సబ్బుబిళ్లలా పలకదేరి కనబడింది. దీర్ఘచతురస్రం కాగితం మీది బొమ్మ. దీనికి మందం ఉంది. పొట్టి గుండ్రటి డబ్బాను పక్కనుంచి చూస్తే నాలుగు గీతల్లా కనిపిస్తుందే, ఇదీ అలాంటిదే కావచ్చంటారు. అందుకని ‘దీర్ఘచతురస్రంగా కనిపించే’ అంటే చాలు. సానబట్టిన పచ్చరాయిని పోలి ఉందని దీనికి ‘ఎమరాల్డ్ కట్’ అనే పేరూ వచ్చింది. దాన్ని ‘పచ్చ గెలాక్సీ’ అని తెలుగు చేస్తే చదివేవాళ్లు రంగు అనుకుంటారు.

మరుగుజ్జు బాగానే ఉంది. గుజ్జు అంటే పొట్టి. చవితినాడు చదివే పద్యంలో వినాయకుడిది ‘కొండొక గుజ్జురూపము’. మనుషుల్ని అలా పిలిస్తే నొచ్చుకుంటారు, గెలాక్సీకి ఆ బాధ లేదు. నక్షత్రాల విషయంలో వాడే ‘శ్వేత మరుగుజ్జు’ మాత్రం నాకు మింగుడుపడదు. సంస్కృతానికి తెలుగును అతికించిన వైరి సమాసమది. తెల్ల మరుగుజ్జు అంటే పోలా?