బస్తాలు మోసే చోట నడుముకు రక్షణ: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మాది మిర్యాలగూడ దగ్గర రైస్ మిల్లు. లారీలకు బస్తాలు వేసే హమాలీల్లో ముగ్గురు నడుము నొప్పితో పని మానేశారు. మోకాళ్లు వంచి, నడుము నిటారుగా ఉంచి ఎత్తాలని బొమ్మలతో సహా నేర్పించాం. అందరికీ నడుము బెల్టులు కొనిచ్చాం. అయినా ఫలితం కనిపించడం లేదు. ఇంకేం చేయాలి?

జవాబు: ఖర్చుకు వెనుకాడకుండా ప్రయత్నం చేశారు, కానీ ఎంచుకున్న రెండు మార్గాలూ బలహీనమైనవే. బరువులెత్తే పద్ధతి నేర్పినంత మాత్రాన నడుము నొప్పి రాకుండా ఆగుతుందనడానికి తగిన ఆధారం లేదని, అప్పటిదాకా వచ్చిన పరిశోధనలను క్రోడీకరించి వైద్య పరిశోధనలను బేరీజు వేసే అంతర్జాతీయ సంస్థ కోక్రేన్ 2011లో వెలువరించిన సమీక్ష తేల్చింది. బెల్టుల సంగతీ అంతే. ఆరోగ్యంగా ఉన్న కార్మికులకు వాటిని సిఫారసు చేయలేమని అమెరికాలో వృత్తి భద్రతపై పరిశోధనలు చేసే నియోష్ 1994లోనే ప్రకటించింది. పైగా బెల్టు కట్టుకున్న మనిషి తనకు రక్షణ ఉందన్న ధీమాతో మామూలుకన్నా ఎక్కువ బరువుకు సిద్ధపడే ప్రమాదం ఉంది.

కారణం శరీర నిర్మాణంలోనే ఉంది. నడుము కింది భాగంలో వీపు కండరాలు డిస్కుకు (వెన్నుపూసల మధ్య మెత్తటి దిండులా ఉండే భాగానికి) దాదాపు 5 సెంటీమీటర్ల వెనుక నుంచి లాగుతాయి. ఒక మనిషి 25 కిలోల సంచిని ఆ డిస్కుకు 50 సెంటీమీటర్ల ముందు పట్టుకున్నాడంటే, దాన్ని నిలపడానికి ఆ కండరాలు పది రెట్లు, అంటే 250 కిలోల బరువుకు సమానమైన బలంతో లాగాలి, ఆ ఒత్తిడంతా డిస్కు మీదే పడుతుంది. వంగిన ఒంటి బరువు దీనికి అదనం. అదే సంచిని పొట్టకు దగ్గరగా, 25 సెంటీమీటర్ల దూరానికి తెచ్చుకుంటే కండరాల శ్రమ సగానికి తగ్గుతుంది. అయితే నేల మీద పడుకోబెట్టిన వెడల్పాటి బస్తా మోకాళ్లకు అడ్డు తగులుతుంది కాబట్టి, ఎంత బాగా నేర్పినా దాన్ని ఒంటికి దగ్గరగా తెచ్చుకుని ఎత్తడం ఎవరికీ సాధ్యం కాదు. మీ శిక్షణ ఫలించకపోవడానికి కారణం హమాలీల అశ్రద్ధ కాదని దయచేసి గ్రహించండి.

అందుకని, సంచి నింపి కుట్టే చోటు నుంచే మార్పు మొదలుపెట్టండి. కుట్టిన బస్తా నేల మీదికి జారకుండా, సుమారు 75 సెంటీమీటర్ల ఎత్తున్న బల్ల మీదికో కన్వేయర్ బెల్టు మీదికో చేరితే, వంగి ఎత్తవలసిన అవసరం చాలావరకు తప్పుతుంది. లారీ తొట్టి ఎత్తుకు సమానంగా ఒక అరుగు కట్టించి, బస్తాలను చక్రాల బండి మీద నేరుగా లోపలికి తోయించండి. గోడౌనులో బస్తాల దొంతరను భుజం ఎత్తు దాటనివ్వకండి. స్థలం చాలక పైదాకా పేర్చక తప్పకపోతే వాలు కన్వేయర్ వాడండి.

ఇక బస్తా బరువు. వయోజన పురుష కార్మికుడు మోసే బరువు 55 కిలోలు దాటితే దాన్ని వీలైనంత త్వరగా తగ్గించాలని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లో సిఫారసు చేసింది. మన దేశంలో 2025 దాకా అమల్లో ఉన్న 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 34వ సెక్షన్ కూడా గాయం కలిగించేంత బరువును ఎవరి చేతా ఎత్తించరాదని చెప్పింది. ఈ 55 కిలోలను నడుము భరించగల బరువుగా భావించకండి. 1991లో నియోష్ సవరించిన సూత్రం ప్రకారం, వంగకుండా, పక్కకు తిరగకుండా, ఒంటికి దగ్గరగా, అప్పుడప్పుడు మాత్రమే ఎత్తే అనుకూల పరిస్థితుల్లో కూడా పరిమితి 23 కిలోలే. చేతుల దూరం రెట్టింపైతే అది 11.5 కిలోలకు పడిపోతుంది. కాబట్టి 50 కిలోల సంచుల నుంచి 25 కిలోల సంచులకు మారడం మంచిది. కానీ ఒక షరతు ఉంది: కూలిని సంచికి ఇంతని కాకుండా క్వింటాలుకు ఇంతని, ఇప్పటి ఆదాయం తగ్గకుండా నిర్ణయించాలి. సంచి చిన్నదైందని రేటు సగం చేసి, అదే సంపాదన కోసం వాళ్లు తొందరపడేలా చేస్తే, ఒక్కొక్కరు రెండేసి సంచులు కలిపి ఎత్తడం ఖాయం, అప్పుడు మార్పు పేరుకే మిగులుతుంది.

ప్రశ్న: నేను లారీ డ్రైవర్‌ని. గుంటూరు యార్డు నుంచి మిర్చి టిక్కీలు (బస్తాలు) వేసుకుని రాత్రంతా నడిపి, తెల్లవారుజామున చేరగానే దించడానికి నేనూ చెయ్యి వేస్తాను. ఆ సమయంలోనే నడుము పట్టేస్తోంది. ఎందుకు?

జవాబు: గంటల తరబడి కూర్చుని, బండి కుదుపులకు గురైన నడుము వెంటనే బరువు ఎత్తడానికి సిద్ధంగా ఉండదు. బండి దిగాక కనీసం పది, పదిహేను నిమిషాలు నడవండి, ఆ తర్వాతే టిక్కీని ముట్టుకోండి. ఒకవేళ బండిలోనే కునుకు తీసి లేచినా అప్పటికప్పుడు వంగకండి. పడుకున్నప్పుడు డిస్కులు నీటిని పీల్చుకుని ఉబ్బుతాయి కాబట్టి, నిద్ర లేచిన మొదటి గంటలో వంగితే వాటి మీద ఒత్తిడి ఎక్కువ పడుతుంది. తొట్టిలో నిలబడి టిక్కీ అందించేటప్పుడు పాదాలు కదల్చకుండా నడుము మాత్రమే తిప్పడం ప్రమాదకరం, అడుగు వేసి ఒళ్లంతా తిరగండి. అన్నిటికన్నా ముఖ్యంగా, దింపుడు కూలి విడిగా ఇచ్చేలా బండి యజమానితో మాట్లాడండి. రాత్రంతా నడిపిన మనిషి చేత బరువులు మోయించడం అన్యాయమని నా అభిప్రాయం.

ప్రశ్న: గోడౌనులో పెట్టె ఎత్తుతుంటే నడుములో కలుక్కుమంది. నెల రోజులు మంచం దిగొద్దని ఇంట్లో అంటున్నారు. జీతం పోతుందని భయంగా ఉంది.

జవాబు: నెల రోజుల మంచం వద్దు. నొప్పి తీవ్రంగా ఉంటే ఒకటి రెండు రోజులు విశ్రాంతి తీసుకుని, తర్వాత ఓర్చుకోగలిగినంత మేర తిరుగుతూ ఉంటేనే త్వరగా కోలుకుంటారు. అయితే మూత్రం ఆగిపోవడం, మల మూత్రాలపై అదుపు తప్పడం, తొడల మధ్య తిమ్మిరెక్కడం, కాలు బలహీనపడడం, వీటిలో ఏది కనిపించినా అదే రోజు, అదే గంటలో ఆసుపత్రికి వెళ్లాలి.

మీ నెల జీతం 21,000 రూపాయలు మించకుండా, ఈఎస్ఐలో నమోదై ఉంటే, పని గాయం వల్ల డ్యూటీకి రాలేని రోజులకు వేతనంలో 90 శాతం దాకా భృతి వస్తుంది. మామూలు అనారోగ్యంగా నమోదైతే 70 శాతమే, అదీ ఏడాదికి 91 రోజుల వరకే. కనుక పెట్టె ఎత్తుతుండగా గాయం జరిగిందన్న సంగతిని, తేదీ, సమయం, చూసినవారి పేర్లతో సహా గోడౌను ప్రమాదాల రిజిస్టరులో ఇవాళే రాయించండి. ఈఎస్ఐ డాక్టరుకు కూడా అదే వివరం చెప్పి, చీటీలో రాశారో లేదో చూసుకోండి.