ఇంట్లోనే చదువు: టైమ్‌టేబుల్ ఎట్లా వేసుకోవాలి?

ప్రశ్న: మా పాప నాలుగో తరగతి, బాబు ఒకటో తరగతి. బడి బస్సులోనే పోనూ రానూ మూడు గంటలు గడిచిపోతోందని, ఈ జూన్ నుంచి మాన్పించి ఇంట్లోనే చదివిస్తున్నాం. ఉదయం 9 నుంచి సాయంత్రం 4 దాకా 45 నిమిషాల పీరియడ్లు వేసి, రంగు పెన్నులతో రాసి ఫ్రిజ్‌కు అంటించాను. మొదటి వారం బాగానే నడిచింది. ఇప్పుడు రోజూ వాళ్ల ఏడుపులు, నా అరుపులు. పాపకు లెక్క చెప్తుంటే బాబు వచ్చి మీద పడతాడు. వాడి దగ్గర కూర్చుంటే ఇది టీవీ ముందు చేరుతుంది. మధ్యాహ్నం రెండింటికి నేను ఆఫీసు పనికి లాగిన్ కావాలి. ‘బడికి పంపకుండా ఇదేం చదువు’ అని మా అత్తమ్మ గొణుగుడు. రేపు పదో తరగతి ఎట్లా అని టెన్షన్ కూడా. ఏం చేయమంటారు మేడమ్?
– ఓ తల్లి, కరీంనగర్

జవాబు: ముందు ఫ్రిజ్ మీది ఆ కాగితం తీసేయండమ్మా. నలభై మంది ఉన్న క్లాసులో 45 నిమిషాలు ఎట్లా కరిగిపోతాయో నాకు తెలుసు. హాజరు పిలవడానికి కొంత, నోటుబుక్కులు తీయించడానికి కొంత, ‘టీచర్, వీడు నా పెన్సిల్ తీసుకున్నాడు’ అనే పంచాయితీలకు కొంత పోతే ఒక్కో పిల్లకు దక్కేది నిమిషమో రెండు నిమిషాలో. మీరు పక్కన కూర్చుని అరగంట లెక్కలు చెప్పారంటే అది ఎంతో ఎక్కువ. నాలుగో తరగతి పిల్లకు పుస్తకం ముందు రోజుకు రెండు, రెండున్నర గంటలు చాలు. ఒకటో తరగతి వాడికి గంట, అదీ ముక్కలు ముక్కలుగా.

మీ అసలు చిక్కు ఇద్దరికీ ఒకేసారి అమ్మ కావాల్సి రావడం. నేను చాలా ఏళ్లు ఏకోపాధ్యాయ పాఠశాలలో పని చేశాను. ఒకటే గది, ఐదు తరగతులు, టీచర్‌ను నేనొక్కదాన్నే. అక్కడ నేను చూసుకున్నది ఒక్కటే: ఈ అరగంట ఎవరి దగ్గర కూర్చోవాలి, మిగతావాళ్లు నన్ను పిలవకుండా ఏం చేసుకోగలరు? మీరూ పనుల్ని అట్లాగే రెండుగా విడదీయండి. కొత్త లెక్కకు, కొత్త పాఠానికి, బాబు చదవడానికి మీరు పక్కన ఉండాలి. చూచిరాత, ఎక్కాలు, నిన్నటి పద్ధతిలోనే ఇంకో ఐదు లెక్కలు, బొమ్మ గీసి పేర్లు రాయడం లాంటివాటికి అక్కర్లేదు. ఒకరితో మీరు కూర్చున్నప్పుడు ఇంకొకరి చేతిలో ఈ రెండో రకం పని ఉండాలి. దాన్ని రాత్రే తీసిపెట్టుకోండి. పొద్దున వెతుక్కుంటూ కూర్చుంటే ఆ కాస్త సందులోనే టీవీ మొదలవుతుంది.

టిఫిన్ కాగానే బాబుతో మొదలుపెట్టండి, చిన్నవాడి ఓపిక ముందు అయిపోతుంది గనక. గుప్పెడు చింతగింజలు ముందు పోసి ‘పదేసి కుప్పలు పెట్టు’ అనండి. మూడు కుప్పలై, ఏడు గింజలు మిగిలాయనుకోండి, అప్పుడు 37 అని రాయించండి. మర్నాడు అందులోంచి తొమ్మిది తీసివ్వమనండి. ఏడే విడిగా ఉన్నాయి కాబట్టి ఒక కుప్పను తనే విడగొడతాడు. మనం చిన్నప్పుడు అర్థం కాకుండానే చేసిన ‘అప్పు తెచ్చుకోవడం’ వాడు చేత్తో చేసేస్తాడు. ఆ తర్వాత గింజలు వాడికే వదిలేసి మీరు పాప భాగహారం దగ్గరికి వెళ్లండి. (ముక్కులో, చెవిలో దూర్చుకునే రకమైతే మాత్రం పెద్ద గుండీలు ఇవ్వండి.)

పాపకు మన రాష్ట్ర ప్రభుత్వ పాఠ్యపుస్తకాలు తీసుకోండి. వాటిలో ఇప్పుడు ఒక పేజీ ఇంగ్లీషులో, ఎదురు పేజీ తెలుగులో ఉంటాయి. అర్థం కానిచోట పక్క పేజీ చూసుకుంటుంది, మాటమాటకూ మిమ్మల్ని పిలవదు.

గడియారాన్ని మీ లాగిన్‌కు వాడండి, పిల్లలకు టిఫిన్, భోజనం, సాయంత్రం దీపం చాలు. టిఫిన్‌కూ భోజనానికీ మధ్యే చదువంతా అయిపోవాలి, నడుమ ఒకసారి వీధిలో ఆట. రెండు తర్వాత మీరు కావాల్సిన పని ఏదీ పెట్టకండి. కథల పుస్తకాలు, బొమ్మలు, నిద్ర, ఏదైనా సరే. దీపం పెట్టాక పద్యాల బాధ్యత అత్తమ్మకు అప్పగించండి. వారానికొక శతక పద్యం చాలు. ఆమెను మెప్పించడానికి చెప్తున్న మాట కాదిది. వత్తులు పలికించడంలో ఆ తరం వాళ్లు మనకంటే చాలా నయం.

ఈ పద్ధతిని రెండు రోజులకోసారి మార్చకండి. నా మాట వింటే, కార్తె మారినప్పుడు మాత్రమే చూసుకోండి. ఏడాదికి 27 కార్తెలు, ఒక్కోటి పదమూడు పద్నాలుగు రోజులు. ఏది నడిచింది, ఏది నడవలేదు అని తెలియడానికి సరిగ్గా సరిపోతుంది. సైన్సు పాఠం కూడా అందులోనే దొరుకుతుంది. జూన్ 22 ప్రాంతంలో ఆరుద్ర వస్తుంది. తొలకరికి తడి నేల మీద కనబడే ఎర్రటి ఆరుద్ర పురుగు కాళ్లు లెక్కపెట్టమనండి. ఎనిమిది ఉంటాయి. కీటకాలకు ఆరే కదా, మరి ఇది ఎవరి చుట్టం అని అడిగి వదిలేయండి. సాలీడు దాకా పాపే వెళ్తుంది. నిటారు గోడల డబ్బా ఒకటి డాబా మీద పెట్టి, వాన పడ్డప్పుడల్లా స్కేలుతో మిల్లీమీటర్లు కొలిచి రాయమంటే అందులోనే కూడికలూ, గ్రాఫూ వచ్చేస్తాయి.

పదో తరగతికి ఇప్పట్నుంచే నిద్ర పాడుచేసుకోకండి. 14 ఏళ్లు నిండాక తెలంగాణ ఓపెన్ స్కూల్ సొసైటీ ద్వారా గానీ, కేంద్రం నడిపే జాతీయ ఓపెన్ స్కూల్ ఎన్‌ఐఓఎస్ ద్వారా గానీ రాయొచ్చు. ఎన్‌ఐఓఎస్‌లో ఐదు సబ్జెక్టులు చాలు, తెలుగు మీడియం కూడా ఉంది. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న విద్యాహక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ల పిల్లల్ని బడిలో చేర్పించడం తల్లిదండ్రుల బాధ్యత అంటుంది గానీ, చేర్పించని తల్లిదండ్రులకు శిక్ష అందులో లేదు. మళ్లీ బడికి పంపాలనిపిస్తే వయసుకు తగిన తరగతిలో చేర్చుకోవాలని కూడా ఆ చట్టమే చెప్తోంది. కాబట్టి పాత బడి నుంచి ఇద్దరి టీసీలూ తెచ్చుకుని, పుట్టిన తేదీ సర్టిఫికెట్లతో కలిపి ఒక ఫైల్లో పెట్టండి. జిరాక్సులు తీయించుకోండి, లామినేషన్ మాత్రం వద్దు.